గోడ మీది అంకె

జ్ఞానప్రకాశం వాళ్ళ తాత తుని దగ్గరి పల్లె నుంచి వచ్చి బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చేరాడు. తండ్రి కూడా అదే గేటులోంచి ముప్ఫయ్యారేళ్ళు లోపలికి వెళ్ళి బయటికి వచ్చాడు. మూడో తరంవాడికీ అదే దారి అని ఇంట్లో అందరూ అనుకున్నారు గానీ, మెడికల్ పరీక్షలో కళ్ళు తప్పాయి. ఎరుపూ ఆకుపచ్చా విడివిడిగా పోల్చుకోలేకపోతున్నాడని డాక్టరు రాసేశాడు. ఆ ఏడాదంతా అతను పెద్దగా వీధి మొహం చూడలేదు. తర్వాత గోల్ బజార్లో ఒక మేడ మీద కంప్యూటర్లు నేర్పుతున్నారంటే వెళ్ళి చేరాడు. నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు. రంగుల గొడవ లేదు. అక్కడికి వెళ్ళాక మనిషికి మళ్ళీ ప్రాణం వచ్చింది.

ఇప్పుడాయనకి యాభై ఏడేళ్ళు. ప్రేమ్ బజార్ వెనక వీధిలో, నేల నమూనాలూ నీటి నమూనాలూ పరీక్షించి లెక్కలు కట్టే ఒక చిన్న ప్రైవేటు సంస్థలో ఇరవై మూడేళ్ళుగా సర్వరు చూస్తున్నాడు. నాలుగు గదులు, పదకొండు మంది మనుషులు, ఒక సర్వరు గది. సంస్థ నడిపే మైతీ బాబు దగ్గర్నుంచి గేటు దగ్గర కూర్చునే మనిషి వరకూ అందరూ ఆయన్ని ‘ప్రకాశ్ దా’ అనే, అంటే ప్రకాశ్ అన్న అనే, పిలుస్తారు. మిషను మొరాయిస్తే ఆయన వచ్చి రెండు కమాండ్లు కొడతాడు, మళ్ళీ పని మొదలవుతుంది. కాలేజీ చదువు లేని మనిషికి అంతమంది చదువుకున్నవాళ్ళ మధ్య అదే గౌరవం. దాన్ని ఆయన చాలా జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చాడు.

సర్వరు గది బయట గోడకి ఆయన ఒక పాత మానిటరు బిగించాడు. తనే రాసిన చిన్న ప్రోగ్రాముతో అందులో ఒక అంకె పెద్దగా కనపడేట్టు చేశాడు. కింద ‘ప్రాసెస్‌ల సంఖ్య’ అని పేరు పెట్టాడు. కంప్యూటర్లో నడుస్తున్న ఒక్కొక్క ప్రోగ్రామునీ ప్రాసెస్ అంటారు. ఈ క్షణాన మన మిషన్లో ఎన్ని బతికున్నాయో ఆ అంకె చెబుతుందని ఆయన వచ్చినవాళ్ళకి చూపించేవాడు. మామూలుగా అది రెండువందల అరవై దగ్గర తిరుగుతూ ఉండేది.

మీనాకుమారిని ఆ ఆఫీసులో పెట్టించింది ఆయనే. ఆమె తండ్రి గణపతిరావు వర్క్‌షాపులో ఫిట్టరు. వాళ్ళది శ్రీకాకుళం వైపు కుటుంబం. ఊళ్ళో ఖరిదా పేటలో రెండిళ్ళూ పక్కపక్క వీధుల్లోనే. సాయంత్రాలు ఇద్దరూ టీ కొట్టు బల్ల మీద కూర్చుని పేపరు పంచుకుని చదివేవారు. ‘పిల్ల డిప్లొమా సేసింది, నీ దగ్గిర ఏటైనా పని సూడు ప్రకాశం’ అని గణపతిరావు ఒక్కసారే అడిగాడు. రెండోసారి అడగాల్సిన అవసరం రాలేదు.

పిల్ల చురుకు. మూడు నెలల్లో పని పట్టేసింది. ఏడాదికల్లా సర్వరు పెద్ద తాళంచెవి లాంటి రూట్ పాస్‌వర్డు కూడా ఆమె చేతికి ఇచ్చాడు. ఆఫీసులో అది తెలిసింది ఇద్దరికే, ఆయనకీ ఆమెకీ. ఆఫీసులో ‘సార్’, వీధిలో ‘బాబాయ్’ అని పిలిచేది. ప్రశ్నలు మాత్రం ఎక్కువ. కొన్నిటికి ఆయన దగ్గర జవాబు ఉండేది కాదు.

ఒకరోజు ఆమె, నడుస్తున్నవాటి జాబితా చూపించే పీఎస్ కమాండు కొట్టి, గోడ వైపు చూసి అంది:

“సార్, గోడ మీద రెండువందల అరవై రెండు ఉంది. నేను పీఎస్ కమాండు కొట్టి లెక్కెడితే రెండువందల పద్నాలుగే వొస్తన్నాయి. మిగతావి ఏటైనట్టు?”

జ్ఞానప్రకాశానికి ఆ తేడా సంగతి తెలుసు. ఎన్నో ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాడు. ఎందుకొస్తుందో మాత్రం ఎప్పుడూ వెతకలేదు.

“పీఎస్ అన్నది ఫోటో లాంటిదమ్మా. కొట్టిన క్షణం వరకే సూపిస్తది. ఇది ఎప్పుడూ మారతా ఉంటది. నలభై, యాభై తేడా ఉంటది, దాన్ని పట్టించుకోకూడదు,” అన్నాడు.

“కానీ సార్, ఎన్నిసార్లు కొట్టినా గోడ మీదిదే ఎక్కువుంటంది. ఒక్కసారైనా తక్కువ రావాలి గదా?”

“ముందు బ్యాకప్ పని సూడు,” అన్నాడాయన.

ఆమె బ్యాకప్ పని చూసింది. ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు.

రెండువేల ఇరవై రెండు ఫిబ్రవరిలో ఒక సోమవారం ఉదయం జ్ఞానప్రకాశం సైకిలు నిలబెట్టి లోపలికి వచ్చేసరికి గోడ మీద ఆరువందల నలభై ఒకటి ఉంది. ఆయన అక్కడే నిలబడిపోయాడు. సంచి కూడా దించకుండా తన కుర్చీ దగ్గరికి వెళ్ళి పీఎస్ కొట్టి చూశాడు. రెండువందల పదిహేను. మళ్ళీ కొట్టాడు. అంతే. అంటే నాలుగువందల పైచిలుకు ప్రాసెస్‌లు మిషన్లో బతికున్నాయి గానీ జాబితాలో కనపడటం లేదు.

అంతకు ముందు వారమే కంప్యూటర్ భద్రత చూసే ప్రభుత్వ ఆఫీసు నుంచి ఒక హెచ్చరిక కాగితం వచ్చింది. ఎవరో చిన్న చిన్న సంస్థల సర్వర్లలోకి దూరి, దొంగతనంగా తమ ప్రోగ్రాములు నడుపుకుంటున్నారనీ, అవి జాబితాలో కనపడకుండా దాచేస్తున్నారనీ అందులో రాసి ఉంది. లోపలి మనుషుల సాయం లేకుండా అది జరగడం కష్టమనీ రాసి ఉంది. ఆ కాగితాన్ని ఆయన రెండుసార్లు చదివి నోటీసు బోర్డుకి తనే గుచ్చాడు.

మీనాకుమారి పది గంటలకి వచ్చింది.

“శనివారం ఏటైనా ఎక్కించినావా మిషన్లో?” అని అడిగాడు.

“ఆ సార్. రిపోర్టులు కట్టే కొత్త ప్రోగ్రాము. మీకు సెప్పినాను గదా.”

“నాకు సెప్పినావా?”

“మీరు బయలుదేరతన్నప్పుడు సెప్పినాను సార్. సరే అన్నారు.”

ఆయన గోడ వైపు చెయ్యి చూపించాడు. ఆమె చూసింది. వెంటనే తన మిషను ముందు కూర్చుని ఏవేవో కొట్టింది. కాసేపటికి, తడబడుతూనే అంది:

“లోడ్ సున్నా దగ్గిరే ఉంది సార్. నాలుగొందల దొంగ ప్రోగ్రాములు పనిచేస్తంటే మిషను ఊపిరాడకుండా ఉండాలి గదా. ఇది సల్లగా ఉంది. లెక్కెట్టేదాంట్లోనే ఏదో తేడా ఉందేమో. మీ ప్రోగ్రాము ఆ అంకెని ఎక్కడ్నుంచి తెస్తందో ఒకసారి సూద్దామా?”

ఆ ఒక్క మాట ఆయనకి గుచ్చుకుంది. ‘మీ ప్రోగ్రాము.’ పదేళ్ళుగా గోడ మీద నిలబడిన తన అంకెని మూడేళ్ళ అనుభవం ఉన్న పిల్ల తప్పంటోంది. పక్క గదిలోంచి ఇద్దరు తొంగి చూస్తున్నారు.

“నా లెక్క సంగతి నాను సూసుకుంటాను,” అన్నాడు.

మైతీ బాబు తన గదిలోకి పిలిచాడు. సంగతంతా విన్నాడు. కంప్యూటర్ల గురించి ఆయనకి పెద్దగా తెలియదు, భయం మాత్రం ఎక్కువ. పాస్‌వర్డు ఎవరెవరి దగ్గర ఉందని బెంగాలీలో అడిగాడు. “ఇద్దరి దగ్గర,” అని చెప్పాడు జ్ఞానప్రకాశం. శనివారం కొత్త ప్రోగ్రాము ఎక్కించడానికి మీరు అనుమతి ఇచ్చారా అని అడిగాడు. “గుర్తు లేదు,” అన్నాడు.

మీనాకుమారి దొంగ అని ఆయన అనలేదు. ఆమె పేరు కూడా ఎత్తలేదు. తర్వాత ఎన్నోసార్లు ఆ సంగతే తనకి తాను చెప్పుకున్నాడు. కానీ ఆ గది దాటి వరండాలో నాలుగడుగులు వేసేసరికే శనివారం కళ్ళముందు కనపడింది. సైకిలు తాళం తీస్తున్నాడు. చర్చిలో పాటల సాధనకి ఆలస్యమవుతోంది. మీనాకుమారి మెట్ల మీద నిలబడి ఏదో చెప్పింది. తను ‘సరే సరే’ అన్నాడు. వెనక్కి తిరిగి ఆ తలుపు తోసి ఆ ఒక్క మాట చెప్పడానికి నాలుగడుగుల దూరం. ఆయన తిరగలేదు. ఇప్పుడు వెళ్ళి గుర్తొచ్చిందంటే తనని ఏమనుకుంటారో అనిపించింది.

మధ్యాహ్నానికి ఆయన సలహా మీదే సర్వరు మొత్తం తుడిచేసి మళ్ళీ మొదట్నుంచీ కట్టారు. కొత్త ప్రోగ్రాముని మాత్రం ఎక్కించలేదు. గోడ మీది అంకె మళ్ళీ రెండువందల అరవైకి వచ్చింది. అందరికీ అదే రుజువైపోయింది. ఆమె ఎక్కించింది తీసేస్తే దొంగలూ పోయారు.

మర్నాడు మీనాకుమారి కాంట్రాక్టు ఆపేశారు. ఆమె తన డ్రాయరులోంచి దువ్వెన, నీళ్ళ సీసా, రెండు నోటుపుస్తకాలు తీసి సంచిలో వేసుకుంది. వెళ్తూ వెళ్తూ ఆయన బల్ల దగ్గర ఆగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయో లేదో ఆయనకి తెలిసే వీలు లేదు.

“బాబాయ్, నేను సెయ్యలేదు,” అంది.

ఆఫీసులో ఆమె ఆ పిలుపు పిలవడం అదే మొదలు. ఆయన తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

మాట ఖరిదాకి సాయంత్రానికే చేరింది. మీనా ఏదో కంప్యూటర్ దొంగతనం చేసిందంట అని ఒకరు, పోలీసులొస్తారంట అని ఇంకొకరు. పోలీసులెవరూ రాలేదు. గణపతిరావు టీ కొట్టుకి రావడం మానేశాడు. వారం తర్వాత వీధి మలుపులో ఎదురుపడితే జ్ఞానప్రకాశం పలకరించబోయాడు. గణపతిరావు మొహంలో కోపం లేదు. కొత్తవాళ్ళు ఎదురైనప్పుడు పక్కకి తప్పుకుని దారి ఇస్తాం చూడండి, అలా తప్పుకుని దారి ఇచ్చాడు.

ఆ నెలాఖర్లో ఆఫీసు మెయిలుకి మీనాకుమారి దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ‘ఆ అంకె గురించి’ అని పైన ఉంది. బతిమాలుకుంటూనో తిడుతూనో రాసి ఉంటుందనుకున్నాడు. రెంటిలో ఏది చదవడానికీ ఆయనకి ధైర్యం చాల్లేదు. తెరవకుండానే వేరే ఫోల్డరులోకి తోసేశాడు. ఏప్రిల్లో హిజ్లీ వైపు ఒక ప్రైవేటు కంప్యూటర్ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. మీనాకుమారి అనే అమ్మాయి మీ దగ్గర పనిచేసిందట, ఎలాంటిది అని అడిగారు. “నేనేమీ చెప్పలేనండీ,” అన్నాడు. అవతలివాళ్ళు ‘ఠీక్ హై’ అని పెట్టేశారు. వాళ్ళకి అంతే చాలు.

తర్వాత ఆమె ప్రేమ్ బజార్లోనే ఒక జెరాక్సు షాపులో చేరింది. కాలేజీ పిల్లల థీసిస్‌లు టైపు చేసి, బైండింగ్ చేసి ఇచ్చే షాపు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి జ్ఞానప్రకాశం ఆఫీసుకి వెళ్ళే దారి మార్చాడు. ఆ చుట్టుదారిలో పావుగంట ఎక్కువ తొక్కాలి. ఎందుకిలా వెళ్తున్నారని ఎవరైనా అడిగితే అటు రోడ్డు బాగుంటుందనేవాడు. నిజానికి అటు రోడ్డు అన్నీ గుంటలు.

మరుసటేడు వానాకాలంలో గణపతిరావు గుండె ఆగి పోయాడు. వర్క్‌షాపు నుంచి చాలామంది వచ్చారు. జ్ఞానప్రకాశం వీధి చివర, మూసి ఉన్న మందుల షాపు అరుగు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఇంటి దాకా వెళ్ళలేకపోయాడు. ఆయన భార్య ఆలిస్ వెళ్ళి, గణపతిరావు భార్య గంగాభవాని పక్కన సాయంత్రం దాకా కూర్చుని వచ్చింది.

రెండువేల ఇరవై నాలుగు ఆగస్టులో నిజం బయటపడింది. దాన్ని బయటపెట్టింది ఎవరో కాదు, ఆయన చేతులే.

రెండేళ్ళుగా రిపోర్టులన్నీ, మీనాకుమారి ఎక్కించిన ఆ ప్రోగ్రాము లేకుండా, చేత్తో కట్టుకుంటున్నారు. నమూనాలు పంపే ఆఫీసువాళ్ళు ఇక అలా కుదరదన్నారు. అందరూ వాడే ఆ ప్రోగ్రాములోంచే రిపోర్టులు రావాలన్నారు. సరేనని జ్ఞానప్రకాశం, అమ్మినవాళ్ళ దగ్గర్నుంచే సీలున్న కాపీ తెప్పించి, ఒక బుధవారం పొద్దున ఒంటరిగా కూర్చుని ఎక్కించాడు. అది నడవడం మొదలుపెట్టింది. ఆయన టీ కోసం లేచాడు. వరండాలోకి వస్తూ అలవాటుగా గోడ వైపు చూశాడు.

ఆరువందల నలభై మూడు.

ఆయన గోడకి ఆనుకున్నాడు. గేటు దగ్గరి మనిషి వచ్చి, “ప్రకాశ్ దా, ఒంట్లో బాగా లేదా?” అని అడిగితే తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్ళాడు. ప్రోగ్రాముని ఆపాడు. అంకె రెండువందల అరవైకి పడింది. మళ్ళీ నడిపాడు. మళ్ళీ ఆరువందలు దాటింది. ఎవరూ దూరలేదు. ఎవరూ ఏదీ దాచలేదు.

అప్పుడు, ఉద్యోగంలో చేరిన ఇరవై మూడేళ్ళకి, ఆయన తన సొంత ప్రోగ్రాము ఆ అంకెని ఎక్కణ్ణుంచి తెస్తోందో చూశాడు. లోడ్ ఎంతుందో రాసి ఉంచే సిస్టమ్ ఫైలు ఒకటుంది. దాంట్లో నాలుగో చోట, గీతకి అటూ ఇటూ రెండంకెలుంటాయి. రెండోదాన్ని ఆయన పన్నెండేళ్ళ కిందట తీసుకుని ప్రాసెస్‌ల సంఖ్య అని పేరు పెట్టేశాడు. మాన్యువల్లో దాని గురించి ఉన్నది ఒక్క వాక్యం. అది ప్రాసెస్‌లనీ, వాటి లోపల విడివిడిగా పని చేసే పాయలైన థ్రెడ్లనీ కూడా కలిపి చెప్పే లెక్క అని అందులో ఉంది. పీఎస్ మామూలుగా ప్రాసెస్‌లని మాత్రమే చూపిస్తుంది. థ్రెడ్లని కూడా చూపించమని ప్రత్యేకంగా అడిగితే అప్పుడు చూపిస్తుంది. ఆయన అడిగాడు. ఆరువందల చిల్లర వరసలు తెర నిండా జారిపోయాయి. అందులో మూడువందల ఎనభైకి పైగా ఒకే ఒక్క ప్రోగ్రామువి. పని రాగానే అందుకోవడానికి అది ముందే అన్ని థ్రెడ్లని సిద్ధం చేసి పెట్టుకుంటుంది. పని లేనంతసేపూ అవి నిద్రపోతూ ఉంటాయి. అందుకే ఆ రోజు మిషను చల్లగా ఉంది.

ఆయన నేర్చుకున్న రోజుల్లో ఒక ప్రోగ్రామంటే ఒక ప్రాసెస్, అంతే. థ్రెడ్లన్న మాట తర్వాత విన్నాడు గానీ, తనకి తెలియనిది ఉందని ఒప్పుకోవడం ఇష్టంలేక అటు వెళ్ళలేదు.

అప్పుడు గుర్తొచ్చింది మెయిలు. రెండున్నరేళ్ళుగా ఆ ఫోల్డరులోనే ఉంది. తెరిచాడు. బతిమాలడం లేదు, తిట్లు లేవు. “సార్, కనుక్కున్నాను. గోడ మీది లెక్కలో థ్రెడ్లు కూడా కలుస్తున్నాయి. పీఎస్‌లో థ్రెడ్లు కూడా చూపించమని కొట్టి చూడండి, రెండు లెక్కలూ సరిపోతాయి. మీ ప్రోగ్రాములో తప్పేమీ లేదు, కింద పెట్టిన పేరే తప్పు. ఒక్కసారి చూడగలరు.” దాని కింద కొట్టాల్సిన కమాండు. ఇప్పుడు ఆయన పొద్దుట్నుంచీ వెతికి పట్టుకున్నది అక్షరం పొల్లుపోకుండా అదే.

ఇంటికి వెళ్ళి ఆలిస్‌కి చెప్పాడు. ఆలిస్ రైల్వే కాలనీ పక్క బడిలో టీచరుగా చేసి రిటైరైంది. థ్రెడ్లంటే ఏమిటో చెప్పబోయి ఆయన రెండుసార్లు తడబడ్డాడు. ఆమె బియ్యం ఏరుతూ విని, చేతులు ఆపింది.

“రెండువేల పదకొండులో జనాభా లెక్కల డ్యూటీ ఏసినారు గదా మాకు. ఇళ్ళు ఒక వరసలో రాసేవోళ్ళం, మనుషుల్ని ఇంకో వరసలో. ఒక వీధిలో ఇరవై ఇళ్ళుంటే నూటపది మందుండేవోరు. అలాంటిదేనా?”

“అలాంటిదే.”

“అయితే ఇళ్ళు లెక్కెట్టి, మనుషుల లెక్క పక్కనెట్టి, మిగిలినోళ్ళందరూ దొంగలన్నావు.”

ఆయన చేటలోని బియ్యం వైపు చూశాడు.

“ఆ పిల్ల సెప్పిందా నీకు, లెక్కలో తేడా ఉందని?”

“సెప్పింది. రెండుసార్లు సెప్పింది. రాసి కూడా సెప్పింది.”

ఆలిస్ బియ్యం చేట పక్కన పెట్టి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆయన మైతీ బాబు ముందు కూర్చుని అంతా చెప్పాడు. శనివారం తను ‘సరే’ అన్న మాట కూడా చెప్పాడు. మైతీ బాబు కుర్చీ వెనక్కి జరిపాడు. పాత సంగతి కదా ప్రకాశ్ దా, కాగితం మీద ఆమెని దొంగ అని మనమెక్కడా రాయలేదు, కాంట్రాక్టు అయిపోయిందని మాత్రమే ఉంది, ఇప్పుడు తవ్వితే సంస్థకే చెడ్డపేరు అన్నాడు. జ్ఞానప్రకాశం లేవలేదు. ఉత్తరం ఇస్తేనే లేస్తానన్నాడు. ఇరవై మూడేళ్ళలో ఆయన అలా మొండికెయ్యడం మైతీ బాబు చూడలేదు. చివరికి టైపు చేయించాడు. అందులో ‘సాంకేతిక లోపం వల్ల అపార్థం కలిగింది’ అని ఉంది. జ్ఞానప్రకాశం పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేశాడు.

“మిషన్లో లోపమేమీ లేదు దాదా. అది సరిగ్గానే చెప్పింది. తప్పు చదివింది నేను. అలాగే రాయించండి.”

రెండోసారి టైపు చేసిన కాగితం పట్టుకుని, రెండేళ్ళ తర్వాత ఆయన పాత దారిన వెళ్ళాడు. షాపులో మీనాకుమారి మిషను మీద కాగితాలు సర్దుతోంది. కొంచెం చిక్కింది. ఆయన్ని చూసి, ముందున్న స్టూడెంటు కాగితాలు అయ్యేదాకా పని ఆపలేదు. అతను వెళ్ళాక, “చెప్పండి సార్,” అంది.

చెప్పాడు. రెండుచేతులా కాగితం అందించాడు. ఆమె చదివింది.

“నీ మెయిలు మొన్న తెరిసినానమ్మా.”

“మొన్నా?”

“మొన్న.”

ఆమె నవ్వబోయినట్టయింది గానీ నవ్వు రాలేదు. “సదివి కూడా ఊరుకున్నారనుకున్నాను సార్ ఇన్నాళ్ళూ. నిజం తెలిసి కూడా ఊరుకున్నారని. సదవనేలేదన్నమాట.” కాగితం మడుస్తూ అంది: “ఏది నయమో నాకు తెలవడం లేదు.”

ఆయన హిజ్లీ ఆఫీసు వాళ్ళకి మళ్ళీ ఫోను చేశాననీ, ఆ ఖాళీ ఎప్పుడో నిండిపోయిందన్నారనీ చెప్పాడు. మన ఆఫీసుకి తిరిగి రమ్మని మైతీ బాబుని ఒప్పిస్తానన్నాడు. ఆమె తల ఊపింది, వద్దని.

“మా నాన్న నన్ను ఒక్కసారి కూడా అడగలేదు సార్. సేసినావా లేదా అని. అడిగుంటే సెప్పేదాన్ని. నమ్మి అడగలేదో, నమ్మక అడగలేదో తెలీకుండానే ఎలిపోయినాడు. నాకు ఈ కాగితం ఎందుకు? మీరు మా అమ్మకి సెప్పండి. మా వీధిలో నిలబడి సెప్పండి. ఆ రోజు మాట అక్కడికే గదా వొచ్చింది.”

ఆదివారం ప్రార్థన అయ్యాక జ్ఞానప్రకాశం, ఆలిస్ ఇద్దరూ ఆ వీధికి వెళ్ళారు. పంపు దగ్గర ఆడవాళ్ళు నీళ్ళు పట్టుకుంటున్నారు. అరుగుల మీద మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. గంగాభవాని లోపలికి రమ్మంది. ఆయన గుమ్మం బయటే నిలబడ్డాడు.

“ఇక్కడే సెప్తాను వదినా. అందరూ వినాల,” అన్నాడు. గట్టిగానే చెప్పాడు. మీనా ఏ తప్పూ చెయ్యలేదు. మిషన్లో దొంగ ప్రోగ్రాములు ఎప్పుడూ లేవు. తనకి లెక్క చదవడం రాక, రాదని ఒప్పుకోలేక, ఆ పిల్లని బలిచేశాడు. తెలుసుకునే దారి ఆ పిల్లే చూపించినా వినలేదు. పంపు దగ్గర ఎవరో కుళాయి కట్టేశారు.

గంగాభవాని కొంగు చివర వేలికి చుట్టుకుంటూ వింది.

“నాకా మిషన్ల సంగతి తెలీదు బాబూ. నా కూతురు ఏటీ సెయ్యలేదు, అంతే గదా?”

“ఏటీ సెయ్యలేదు.”

“నాకు ముందే తెలుసు,” అందామె. తర్వాత, ఆయన వైపు చూడకుండా, “ఆయన ఉండగా ఒక్కసారి వొచ్చి ఈ మాట అనుంటే బావుండేది. రాత్రుళ్ళు లెగిసి కూకునేవోడు. ఏటి అంటే ఏటీ లేదనేవోడు,” అంది.

ఆలిస్ లోపలికి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. జ్ఞానప్రకాశం గుమ్మం బయటే చెప్పులు వేసుకుని నిలబడ్డాడు. లోపలికి వెళ్ళాలో, ఇంటికి వెళ్ళాలో తెలియలేదు. కాసేపటికి ఒక ముసలాయన అరుగు మీద కొంచెం పక్కకి జరిగి చోటిచ్చాడు. ఆయన కూర్చున్నాడు.

ఆ ఉత్తరం చూపించి మీనాకుమారి డిసెంబరులో మేదినీపూర్‌లో ఒక నర్సింగ్ హోమ్ కంప్యూటర్ విభాగంలో చేరింది. పొద్దున లోకల్ రైల్లో వెళ్ళి సాయంత్రం వస్తుంది. మూడేళ్ళ కిందట చెయ్యాల్సిన ఉద్యోగం. ఆమెతో పాటు చదివినవాళ్ళు ఇప్పుడు అలాంటి చోట్లే పెద్ద కుర్చీల్లో ఉన్నారు. ఆ తేడాని ఏ ఉత్తరమూ పూడ్చలేదు.

జ్ఞానప్రకాశం ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. తన తర్వాతివాళ్ళ కోసం ఒక నోటుపుస్తకంలో ఏ పనిముట్టు చూపించే అంకెలో ఏమేం కలుస్తాయో రాస్తున్నాడు: టాప్ అనే కమాండు మామూలుగా ఏం లెక్కపెడుతుంది, దాన్ని థ్రెడ్లు చూపించమంటే ఏం మారుతుంది, పీఎస్ తనని తాను కూడా లెక్కలో కలుపుకుంటుంది, నిద్రపోతున్న ప్రాసెస్‌లకీ చచ్చి పేరు మాత్రం మిగిలినవాటికీ తేడా ఏమిటి. తెలియని చోట ‘తెలియదు’ అని రాసి కింద గీత గీస్తున్నాడు. అలాంటి చోట్లు చాలానే ఉన్నాయి.

మొన్నొక పొద్దున స్టేషను ఓవర్‌బ్రిడ్జి మీద ఆయనకి మీనాకుమారి ఎదురైంది. జనం తోసుకుంటున్నారు. “అమ్మ బాగుందా?” అని అడిగాడు. “బాగానే ఉంది,” అంది. ఇంకేదో అడగాలనుకున్నాడు గానీ అప్పటికే లోకల్ ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసింది. ఆమె సంచి భుజాన సర్దుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆయన పక్కకి జరిగి, వెనకొచ్చే జనానికి దారి ఇచ్చాడు.